సరుగుడు నీడ, మడ వేళ్లు: శానిబెల్ దీవిలో మళ్లీ చదువుకున్న రెండు పుస్తకాలు

2003లో నేను రాసిన "సరుగుడు నీడ" అనే కవితను మళ్లీ అచ్చు వేస్తామని కిందటేడాది మన సంఘం మిత్రులు అడిగారు. అమెరికా తెలుగువాళ్లు రాసిన ప్రకృతి కవితలన్నీ ఒకచోట చేర్చి సంకలనం తెద్దామని వారి ఆలోచన. మంచి ఆలోచనే. నా కవిత మాత్రం వద్దన్నాను. మొహమాటానికి అంటున్నానేమో అనుకుని రెండోసారి అడిగారు. రెండోసారీ వద్దన్నాను. "పోనీ, కారణమైనా చెప్పండి" అన్నారు. ఫోన్లో చెబితే తేలే కారణం కాదు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ కవిత సంగతి. ఫ్లోరిడా పడమటి తీరంలో శానిబెల్ అనే దీవి ఉంది. సుమారు పన్నెండు మైళ్ల పొడవు. మేముండే టాంపా నుంచి కారులో మూడు గంటల ప్రయాణం. 2003 వేసవిలో పిల్లలతో మొదటిసారి వెళ్లాం. వంతెన దాటి పెరివింకిల్ వే అనే రోడ్డెక్కేసరికి రెండువైపులా బారులు తీరిన సరుగుడు చెట్లు! మా వైపు సర్వి అని కూడా అంటారు. కారు ఆపించి దిగాను. గాలికి అదే హోరు, కాలికింద అదే మెత్తటి ఎండు పొరక. మాది నిజాంపట్నం వైపు ఒక ఊరు. సముద్రానికీ ఊరికీ మధ్య సరుగుడు తోట ఉండేది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు. మా ఇల్లు నిలిచింది. మా మేనత్తవాళ్ల ఊరు నిలవలేదు. ఆ తరవాత మన కోస్తా పొడుగునా గాలికి అడ్డంగా సరుగుడు నాటారు. మా బడి పిల్లలం కూడా మొక్కలు మోశాం. అందువల్ల సరుగుడంటే నాకు చెట్టు కాదు, కాపలా మనిషి.

ఆ రాత్రే హోటల్ కాగితం మీద కవిత రాసేశాను. మా ఊరి చెట్టు నాకంటే ముందే సముద్రాలు దాటి వచ్చి, దారి తప్పిన బిడ్డ కోసం ఇక్కడ నిలబడి ఎదురుచూస్తోందని దాని సారాంశం. అచ్చయింది. చాలామంది మెచ్చుకున్నారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నామని ఉత్తరాలు కూడా రాశారు. నేనూ నమ్మాను.

కూలిన చెట్లు చెప్పింది

2004 ఆగస్టు 13న చార్లీ తుఫాను ఆ దీవుల మీదుగా వెళ్లింది. మర్నాటి ఏడాది మేం మళ్లీ వెళ్లేసరికి పెరివింకిల్ వే గుర్తు పట్టలేకపోయాను. నా సరుగుడు చెట్లలో చాలా భాగం లేవు. గాలికి కూలి, రోడ్లకూ ఇళ్లకూ అడ్డంగా పడ్డాయట. నా దిగులు చూసి అక్కడి పక్షుల అభయారణ్యంలో పనిచేసే ఒక పెద్దావిడ, స్వచ్ఛంద సేవకురాలు, నవ్వుతూ అంది: "బాధపడకండి. మేం చెయ్యాల్సిన పని గాలి చేసిపెట్టింది."

నాకు మనసు చివుక్కుమంది. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. సరుగుడు ఈ తీరానిది కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాలది. 19వ శతాబ్దం చివర్లో గాలికి అడ్డుగా, నీడ కోసం ఫ్లోరిడాకు తెచ్చారు. ఇక్కడివాళ్లు దాన్ని ఆస్ట్రేలియన్ పైన్ అంటారు గాని అది పైన్ జాతే కాదు. దాని పొరక పరుచుకున్న చోట ఇక్కడి మొక్కలు లేవవు. ఒడ్డున గుబురుగా పెరిగితే తాబేళ్లు గూడు తవ్వుకోవడానికి ఇసుక మిగలదు. ఈ ఇసుక నేలలో వేళ్లు లోతుకు పోవు, తల బరువు. పెద్ద గాలి వస్తే మొదట పడేది అదే.

ఇంటికొచ్చి కొంత చదివాను. మన దేశపు ప్రధాన భూభాగంలో కూడా సరుగుడు పాత కాపు కాదు. 19వ శతాబ్దంలోనే మద్రాసు తీరం వెంబడి వంటచెరుకుకీ, రైలింజన్ల కట్టెలకీ దాన్ని విస్తారంగా పెంచారు. అంటే నేను పూర్వీకుడిలా దండం పెట్టిన చెట్టు మా ముత్తాతల కాలంలో ఊళ్లోకి వచ్చిన కొత్త కాపు. అక్కడ అది పనికిమాలినదని నేననను. పందిరి రాటల దగ్గర్నుంచి పేదవాడి పొయ్యి దాకా దాని ఉపకారం చాలా ఉంది. కాని కవితలో నేను చెప్పిన మాట నిజం కాదు. "మా ఊరి చెట్టు" కాదు. "ఎదురుచూస్తోంది" అన్నది అంతకన్నా కాదు. ఎవరో తెచ్చి నాటారు, నాటిన చోటల్లా వ్యాపించింది, అంతే.

కవితకు వృక్షశాస్త్రంతో పనేమిటని మీరడగవచ్చు. నేనూ అదే అడుక్కున్నాను. జవాబు కోసం వెతుకుతుంటే అదే దీవులతోనూ, అదే తీరంతోనూ ముడిపడిన రెండు పుస్తకాలు చేతికొచ్చాయి. రెండూ 1955లోనే అచ్చయ్యాయి. రెండూ ఆడవాళ్లు రాసినవే.

గవ్వలో తన ముఖం

మొదటిది ఆన్ మారో లిండ్‌బర్గ్ రాసిన "గిఫ్ట్ ఫ్రం ద సీ". శానిబెల్‌ని ఆనుకుని ఉన్న కాప్టీవా దీవిలో 1950ల మొదట్లో ఆవిడ ఒంటరిగా గడిపిన రోజుల్లోంచి పుట్టిన పుస్తకం. పుస్తకంలో దీవి పేరు చెప్పదు. అయిదుగురు పిల్లల తల్లి, జగత్ప్రసిద్ధుడి భార్య, కొద్దిరోజులు ఇల్లు వదిలి ఒక చిన్న కుటీరంలో ఉంటుంది. ఒడ్డున దొరికిన గవ్వలు, శంఖాలు బల్లమీద పెట్టుకుని ఒక్కోదాన్ని చూస్తూ ఒక్కో అధ్యాయం రాస్తుంది. ఒక శంఖం నిరాడంబరతకు, చందమామ నత్త ఏకాంతానికి, జంట చిప్ప కొత్త దాంపత్యానికి, ఆయిస్టర్ గుల్ల సంసారపు నడిమి కాలానికి గుర్తులవుతాయి.

ఇది చిన్న పుస్తకం కాదు. పేజీలు తక్కువ, అంతే. ఇంటి చాకిరీలో ఆడమనిషి కాలమంతా ముక్కలు ముక్కలుగా చెదిరిపోతుందని, ఆమెకు తనదంటూ ఒక గంట కావాలని ఆ రోజుల్లో అంత నెమ్మదిగా, అంత గట్టిగా చెప్పినవాళ్లు అరుదు. మా ఆవిడ ఈ పుస్తకం చదివి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పుస్తకం బలం చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అయితే నా కవితకున్న జబ్బు ఈ పుస్తకంలోనూ కొంచెం ఉంది. మొదటి శంఖాన్ని తీసుకోండి. దాన్ని కట్టుకున్న జీవి పోయింది, తరవాత సన్యాసి పీత ఒకటి అందులో కాపురం చేసి అదీ వెళ్లిపోయింది అని లిండ్‌బర్గ్ సరిగ్గానే చెబుతుంది. ఆ తరవాత వెంటనే శంఖం అందం నుంచి తన ఇంటి గందరగోళానికి వెళ్లిపోతుంది. అక్కడితో శంఖం పని అయిపోయింది. కాని తీరం లెక్కలో ఖాళీ శంఖమంటూ ఉండదు. సన్యాసి పీతకు సొంతంగా పెంకు పుట్టదు. పెరిగిన కొద్దీ మరో ఖాళీ శంఖం వెతుక్కోవాలి. ఒడ్డున మనం ఏరుకున్న ప్రతి మంచి శంఖమూ ఎవరో ఒకరికి అద్దెకు దొరకాల్సిన ఇల్లు.

చందమామ నత్త సంగతి ఇంకా తమాషా. దాని గుండ్రటి చుట్టును చూసి ఆవిడ ఏకాంతాన్ని, అంతర్ముఖమైన మనసును తలుచుకుంటుంది. చాలా అందమైన అధ్యాయం. కాని బతికున్న చందమామ నత్త మునిలాంటిది కాదు, వేటగాడు. ఇసుక కింద దున్నుకుంటూ పోయి ఆల్చిప్పను పట్టి, దాని పెంకుకు తీరుగా గుండ్రటి బెజ్జం పెట్టి లోపలి జీవిని తినేస్తుంది. శానిబెల్ ఒడ్డున పిల్లలు దారం గుచ్చుకోవడానికి ఏరుకునే బెజ్జం ఉన్న చిప్పల్లో చాలావాటికి ఆ బెజ్జం పెట్టింది ఈ వేటగాడు, లేదా ఇలాంటి మరో నత్త. ఏకాంతానికి గుర్తుగా నిలబెట్టిన బొమ్మ రాత్రిళ్లు వేటకు వెళ్తుందని తెలిశాక ఆ అధ్యాయం నాకు మునుపటిలా చదవబుద్ధి కాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఇదే పుస్తకంలో ఉంది. అది ఆర్గొనాటా అధ్యాయం. దాని పెంకు ఇల్లు కాదు, పిల్లల కోసం తల్లి చేతుల్లో పట్టుకుని తేలే ఉయ్యాల అంటుంది ఆవిడ. పిల్లలు ఈదుకుంటూ వెళ్లిపోయాక తల్లి దాన్ని వదిలేస్తుందని రాస్తుంది. ఈ పెంకును తానూ సేకర్తల దగ్గరే చూశానని లిండ్‌బర్గ్ ఒప్పుకుంటుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక స్త్రీ జీవితం ఏమిటన్న ప్రశ్నకు ఆవిడ ఇచ్చిన జవాబు ఈ జీవి నడవడిలోంచే వచ్చింది, పెంకు ఆకారంలోంచి కాదు. పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికన్నా గట్టిగా తోచిన ఉపమానం ఇదే. జీవి నడవడి వైపు ఎక్కడ చూసిందో అక్కడే ఆవిడ కవిత్వం కూడా లోతుకు వెళ్లింది. తెలుసుకుంటే కవిత్వం ఎండిపోతుందన్న నా భయానికి జవాబు నాకు మొదట దొరికింది ఇక్కడే.

న్యాయంగా ఇంకొకటి చెప్పాలి. చివరికి వచ్చేసరికి ఆవిడ తన ఆశను తానే పట్టుకుంటుంది. మొదట్లో జేబులు నిండా ఏరుకున్న మనిషి, కొన్ని ఉంచుకుని మిగిలినవి వదిలేయడం నేర్చుకుంటుంది. ఆ పాఠం శానిబెల్‌లో తరవాత చట్టమే అయింది. 1995 నుంచి అక్కడ ప్రాణమున్న గవ్వల్నీ, సముద్రపు నక్షత్రాల్నీ, సాండ్ డాలర్లనీ తీసుకోవడం నేరం. ఆవిడ తన మనశ్శాంతి కోసం వదిలేసింది, చట్టం జీవి కోసం వదిలేయమంటుంది. రెండింటికీ తేడా ఉంది. ఫలితం మాత్రం ఒకటే.

ఒడ్డును ఒడ్డుగా చూసిన మనిషి

రెండో పుస్తకం రేచెల్ కార్సన్ రాసిన "ది ఎడ్జ్ ఆఫ్ ద సీ". ఈవిడ పేరు వినగానే అందరికీ 1962 నాటి "సైలెంట్ స్ప్రింగ్" గుర్తొస్తుంది. అంతకు ముందే సముద్రం మీద మూడు పుస్తకాలు రాసింది, వాటిలో ఇది చివరిది. అమెరికా తూర్పు తీరాన్ని రాతి ఒడ్డు, ఇసుక ఒడ్డు, పగడపు ఒడ్డు అని మూడుగా విడదీసి, ఏ ఒడ్డున ఏ జీవి ఎందుకు బతకగలుగుతోందో చెబుతుంది. బాబ్ హైన్స్ గీసిన బొమ్మలు దీనికి సగం ప్రాణం.

కార్సన్ కూడా కవే. అయితే ఒక జీవిని చూసిన వెంటనే తనవైపు తిరగదు. ఆటుపోట్ల మధ్య అది ఎన్ని గంటలు తడిగా ఉంటుంది, ఏం తింటుంది, దేన్ని పట్టుకుని నిలబడుతుంది, దాన్నెవరు తింటారు, ఇవన్నీ అయ్యాక అప్పుడు ఒక్క వాక్యం తలెత్తి దూరంగా చూస్తుంది. ఆ ఒక్క వాక్యానికి ముందు ఆవిడ పడిన శ్రమంతా మనకు కనిపిస్తుంది కాబట్టి దాన్ని నమ్ముతాం. మడ గింజ గురించి రాసిన తీరు చూడండి. అది చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. పొడుగ్గా వేలాడి, నీళ్లలో పడి, కొన్ని నెలలపాటు తేలుతూ పోగలదు. కాలికి నేల తగిలినచోట వేళ్లూనుతుంది. ఆ వేళ్ల మధ్య బురద, ఆకులు, చిప్పలు చేరి క్రమంగా దీవి ఏర్పడుతుంది. ఇది వలస కథే. కార్సన్ మాత్రం ఎక్కడా "ఇది మన కథ" అనదు. మనమే అనుకుంటాం, కొంచెం ఆలస్యంగా.

ఆవిడలో లోటు లేదా? ఉంది. ఆవిడ ఒడ్డున మనుషులు దాదాపు కనిపించరు. చూసే మనిషి ఒక్కతే ఉంటుంది. ఈ తీరంలో యూరపు వాళ్లు రాకముందు కాలూసా జాతి వాళ్లు ఉండేవారు. వ్యవసాయం మీద కాక చేపల మీదా, చిప్పల మీదా ఒక రాజ్యాన్నే నిలబెట్టారు. తిన్న చిప్పలు పోగుచేసి దిబ్బలు, దిబ్బలు పెంచి దీవులు కట్టారు. శంఖాలే వాళ్ల సుత్తులు, గొడ్డళ్లు. 1521లో ఇక్కడికి వచ్చిన పోన్స్ డి లియోన్‌ని గాయపరిచి తరిమింది వాళ్లే, ఆ గాయంతోనే అతను హవానాలో చనిపోయాడు. శంఖాన్ని ఒకావిడ తన మనసుగా చూసింది, ఇంకొకావిడ జీవి ఇల్లుగా చూసింది. పనిముట్టుగా పట్టుకున్న చెయ్యి ఈ రెండు పుస్తకాల్లోనూ లేదు.

ఆ చెయ్యి ఎలా ఉంటుందో నాకు మా అమ్మ చూపించింది.

"ఇది మడేగదరా!"

2006 చలికాలంలో అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఆమెను శానిబెల్ తీసుకెళ్లాను. అక్కడి అభయారణ్యానికి జె.ఎన్. డింగ్ డార్లింగ్ పేరు పెట్టారు. ఆయన పత్రికల్లో కార్టూన్లు గీసి రెండుసార్లు పులిట్జర్ బహుమతి తెచ్చుకున్న మనిషి. దీవిలోని మడ అడవి బిల్డర్ల పాలవకుండా పట్టుబట్టి, 1945లో ట్రూమన్ ప్రభుత్వం చేత అభయారణ్యం ప్రకటింపజేశాడు. మడ అడవి మధ్యనుంచి నాలుగు మైళ్ల దారి ఉంది. 2003లోనూ, 2005లోనూ ఆ దారిలో వెళ్లాను. గులాబీరంగు గరిటెముక్కు కొంగల్ని ఫొటోలు తీశాను. చెట్లవైపు సరిగ్గా చూడనేలేదు. బురద, దోమలు, వంకర వేళ్లు. కవితకు పనికొచ్చే సరుకు కాదనుకున్నాను.

అమ్మ కారు ఆపమంది. దిగి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని అంచుదాకా వెళ్లింది.

"ఒరే, ఇది మడేగదరా!"

"అవునమ్మా, ఇక్కడా ఉంటుంది."

"అదిగో, కాళ్లు బారజాపుకుని నిలబడిందే, అది ఉప్పుపొన్న. చూడు, మునక్కాడల్లా ఎలా వేలాడుతున్నాయో. ఇటుపక్క బురదలోంచి మేకుల్లాగ వేళ్లు పొడుచుకొచ్చాయే, అది మడ. ఆకు నాకి చూడు, ఉప్పగా ఉంటుంది."

నాకి చూశాను. ఉప్పగానే ఉంది.

తరవాత పుస్తకాల్లో చూస్తే ఆమె మాటే నిజం. జాతులు వేరు గాని కుటుంబం ఒకటే. ఇక్కడి ఎర్ర మడ రైజోఫోరా, మన ఉప్పుపొన్నా రైజోఫోరానే. ఇక్కడి నల్ల మడ అవిసెన్నియా, మన మడా అవిసెన్నియానే. రెండుచోట్లా ఎవరూ తెచ్చి నాటలేదు, తమంతట తాము ఉన్నవే. నేను చుట్టమని కౌగిలించుకున్న సరుగుడు రెండు తీరాలకూ అతిథి. అసలు చుట్టం మోకాల్లోతు బురదలో నిలబడి ఉంటే నేను కారు అద్దం కూడా దించలేదు.

"ఇక్కడివాళ్లు పొయ్యిలోకి కొట్టుకోరా?" అని అడిగింది అమ్మ.

"కొడితే జరిమానా వేస్తారమ్మా."

కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత అంది: "మంచి పని. మాకెవరూ వెయ్యలేదు. ఉప్పెనకు ముందు మీ నాన్నా నేనూ ఎన్ని మోపులు తెచ్చామో. ఆ తరవాత మీ నాన్న మడ మీద కత్తి పెట్టలేదు."

ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఆమె నాతో అనడం అదే మొదటిసారి. మడ కొట్టడం వల్లే మా అత్తవాళ్ల ఊరు పోయిందని నేననలేను. 1977 ఉప్పెనలో అధికారిక లెక్కల్లోనే సుమారు పదివేలమంది పోయారు, అంత నీటిని ఏ చెట్టు ఎంత ఆపేదో చెప్పడం నా తరం కాదు. కాని అమ్మ తన మనసులో ఒక లెక్క వేసుకుని ముప్ఫై ఏళ్లు మోసింది. సరుగుడును కాపలా మనిషని నేను కవిత్వం చెబుతున్నప్పుడు ఆమె ఎందుకు మాట్లాడకుండా ఊరుకునేదో అప్పుడర్థమయింది. మాకు అంతకుముందే ఒక కాపలా ఉండేది. దాన్ని మేమే కొట్టుకున్నాం. సరుగుడు ఆ ఖాళీలోకి వచ్చింది.

మనమూ పరాయి చెట్లమేనా?

ఈ సంగతులు ఒకసారి మా ఊరి సాహిత్య సమావేశంలో చెప్పాను. చెప్పడం పూర్తయిందో లేదో ఒక మిత్రుడు లేచి, "పరాయి చెట్టు, పెరికెయ్యాలి అంటుంటే నాకు ఒళ్లు మండుతోందండీ. మనమూ అంతేగదా ఇక్కడ? రేపు మనల్నీ అలాగే అంటారు" అన్నాడు. సభంతా చప్పట్లు. ఆయన బాధ అబద్ధం కాదు. వీసా కాగితాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లున్న సభ అది.

అయినా ఆ ఉపమానం నాకు ఒప్పుదల కాలేదు. సరుగుడు మనకు సంకేతం కాదు. అది మనల్ని సమర్థించదు, తిట్టదు కూడా. తన పొరక కింద ఏ మొక్క చస్తోందో అది తెలుసుకోలేదు, మనం తెలుసుకోగలం. తాబేలుకు చోటు వదలాలని అది అనుకోలేదు, మనం అనుకోగలం. శానిబెల్ వాళ్లలో చాలామంది ఎక్కడెక్కడినుంచో వచ్చి స్థిరపడ్డవాళ్లే. 1963లో వంతెన పడ్డాక కట్టడాలు పెరిగి దీవి మిగలదని భయపడి, 1974లో ఓటువేసి సొంతంగా మునిసిపాలిటీ పెట్టుకున్నారు. దీవిలో మూడింట రెండు వంతుల నేలను అలాగే ఉంచాలని, భవనాలు చెట్ల తలలు దాటకూడదని నియమాలు పెట్టుకున్నారు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డున దీపాలు ఆర్పేస్తారు. ఇవాళ్టికీ అక్కడ ఒక్క ట్రాఫిక్ లైటు లేదు. వచ్చినవాడు నేలకు చుట్టమయ్యే మార్గం ఇది. చెట్టును కౌగిలించుకుని ఏడవడం కాదు.

మన సాహిత్యానికి ఈ అలవాటు కొత్త కాదనిపిస్తుంది. కావ్యంలో పద్ధెనిమిది వర్ణనలు ఉండాలన్నారు, అందులో సముద్రం ఒకటి. కాబట్టి సముద్రం చూడని కవి కూడా వర్ణించాడు. పక్కనే తమిళుల సంగం కవిత్వంలో ఒడ్డుకు నెయ్దల్ అని వేరే పేరు, దానికి తనవైన చెట్లు, పక్షులు, పనిచేసుకునే మనుషులు. ఒడ్డు మార్చితే కవిత మారిపోతుంది. మన వర్ణనలో సముద్రాన్ని ఎక్కడినుంచి ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. అమెరికా వచ్చాక మంచునూ, మేపుల్ ఆకునూ కూడా అలాగే పట్టుకుపోతున్నాం. ఆకు రాలిందంటే మనకు ఊరు గుర్తొచ్చిందని అర్థం. ఆ చెట్టు ఎందుకు ఆకు రాల్చిందో ఎవరికీ అక్కర్లేదు. ఇందులో మొదటి ముద్దాయిని నేనే.

నేను కవులందరినీ కార్సన్‌లా రాయమనడం లేదు. లిండ్‌బర్గ్‌లా తనవైపు తిరగడమూ తప్పు కాదు, ఆర్గొనాటాను అడిగినట్టు అడిగి తిరగాలి. అడగడానికి పుస్తకాలే అక్కర్లేదు. ఒక్కోసారి మన పక్కసీటులో కూర్చున్న ముసలామె చాలు.

మళ్లీ వంతెన మీద

2022 సెప్టెంబరు 28న ఇయన్ తుఫాను వచ్చింది. శానిబెల్ వంతెన దారి చాలాచోట్ల తెగిపోయింది. 1884 నాటి దీపస్తంభం ఒక కాలు పోగొట్టుకుని నిలబడింది, పక్కనున్న పాత ఇళ్లు కొట్టుకుపోయాయి. మడ కూడా బాగా దెబ్బతింది. చుట్టమని చెప్పి దాన్ని దేవుణ్ణి చెయ్యకూడదు. అది అడ్డుకునేది కొంత, పోగొట్టుకునేది కొంత.

మా అమ్మ 2014లో పోయింది. 2024 శీతాకాలంలో నేనొక్కణ్ణే శానిబెల్ వెళ్లాను. అప్పుడామె దిగిన మలుపు దగ్గర దిగాను. ఎండిన కొమ్మలు ఇంకా తెల్లగా నిలబడే ఉన్నాయి. వాటి కింద బురదలో చిన్నవి, జానెడు జానెడు, రెండేసి ఆకులతో ఉప్పుపొన్న మొలకలు. లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దాటాక మానేశాను. కవిత రాయాలనిపించలేదు. ఈ వ్యాసం రాయాలనిపించింది.

సంకలనం మిత్రులకు నా మనవి ఇది. "సరుగుడు నీడ" వెయ్యకండి. తప్పదంటే, కింద ఒక వాక్యం చేర్చండి: ఈ చెట్టు రెండు ఊళ్లకూ కొత్తదనీ, రాసినవాడు పక్కనే ఉన్న మడను చూడలేదనీ. దానికి బదులు ఇంకో పని చేద్దాం. మన సభ్యులు రకరకాల ఒడ్డుల్లో ఉన్నారు. గాల్వెస్టన్ దగ్గరున్నవారికి నల్ల మడ కనిపిస్తుంది. అబుదాబిలో ఉన్న బంధుమిత్రులు సాయంత్రం నడకకు వెళ్లే మడ అడవిలో ఉన్నది మన కోస్తాలో కూడా పెరిగే మడ జాతే. న్యూజెర్సీ, మారిషస్, డర్బన్, ఎక్కడివాళ్లు అక్కడ ఒక్క చెట్టునో, పీతనో, గవ్వనో తీసుకుని దాని సంగతి కనుక్కుని రాయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు దాని చుట్టం పేరు తెలుసేమో అడగండి. వచ్చే సంచికకు అవి చాలు.

ఇందులో చెట్ల విషయంలో నా పొరపాట్లుంటే తెలిసినవారు దిద్దగలరు. ఒకసారి దిద్దించుకోవడం అలవాటయింది, ఇప్పుడు మొహమాటం లేదు.